సాలిసీ – అదాలతు : మన వైపు తగాదాలు తెగిన తీరు

తెలుగువాళ్ల కోర్టు భాషలో సగానికి సగం మేము ఉర్దూ బడిలో నేర్పే మాటలే. దావా, వకీలు, వకాలత్, హాజరు, నకలు, జప్తు, జామీను, అర్జీ, దస్తావేజు – ఇవి చదువురాని రైతు నోట కూడా సులువుగా పలుకుతాయి. అయితే కొన్ని మాటలు ఉర్దూ నుంచి తెలుగుకు వచ్చే దారిలో తలకిందులైనాయి. ఉర్దూలో 'ముద్దయీ' అంటే దావా వేసినవాడు, తన హక్కు అడిగేవాడు. తెలుగులో 'ముద్దాయి' అంటే బోనులో నిలబడ్డవాడు. 'రాజీనామా' అంటే అసలు ఇద్దరూ రాజీపడి రాసుకున్న కాగితం. ఇప్పుడది కొలువు వదిలేటప్పుడు ఇచ్చే కాగితమైంది. కోర్టుకెక్కినవాడు చివరికి ముద్దాయి అంత పని అవుతాడని జనానికి అనుభవంలో తెలిసే మాట మార్చుకున్నారేమో అని మా పిల్లలతో నవ్వుతుంటాను.

ఇంత మంది వచ్చి తెలుగులో స్థిరపడినా 'సాలిస్' అనే మాట మాత్రం మన ఊళ్లలో అంతగా నిలవలేదు. అరబ్బీలో దాని అర్థం 'మూడవవాడు'. ఇద్దరు తగాదా పడ్డారు, ఇద్దరూ కలిసి, మాకు నువ్వు చెప్పిందే ఫైసలా అని ఒక మూడవవాణ్ణి ఎంచుకున్నారు, వాడే సాలిస్. వాడు చేసే పని సాలిసీ. తెలుగులో దీనికి 'మధ్యవర్తిత్వం' అంటాం. చిక్కంతా ఇక్కడే వస్తున్నది. ఇద్దరికీ నచ్చజెప్పి కలిపేవాణ్ణి కూడా మధ్యవర్తే అంటాం, ఇద్దరి మాటా విని తీర్పు చెప్పేవాణ్ణి కూడా మధ్యవర్తే అంటాం. నిజానికి ఈ ఇద్దరికీ మస్తు ఫరక్ ఉన్నది. నచ్చజెప్పేవాని మాట నచ్చకపోతే లేచి రావచ్చు. సాలిస్ చెప్పిన ఫైసలా నచ్చకపోయినా కట్టుబడవలసిందే, ఎందుకంటే ముందే మాట ఇచ్చి కూర్చున్నాం.

అదాలతు సంగతి వేరు. అక్కడికి పోవడానికి ఎదుటివాని ఇష్టం అడిగే పని లేదు. సమన్లు పంపితే వాడు రావాలె, రాకపోతే ఏకపక్షంగా తీర్పు అయిపోతుంది. మున్సిఫుగారిని మనం ఎంచుకోము, వారు మనకు చుట్టం కాదు, మన ఊరివారు కాదు. విచారణ నలుగురి ముందర జరుగుతుంది, తీర్పు నచ్చకపోతే పైకోర్టు ఉంటుంది. సాలిస్ దగ్గర ఇవేవీ ఉండవు. గుట్టుగా, తొందరగా, మన భాషలో, మన సంగతి తెలిసినవాని ముందర తెగిపోతుంది. అప్పీలు దాదాపు లేనట్టే. ఏది మంచిది అని చాలామంది అడుగుతుంటారు. ఆ ప్రశ్నకు చట్టం పుస్తకం కన్నా మన ప్రాంతపు చరిత్రే మంచి జవాబు చెబుతుందని నాకనిపించి ఈ నాలుగు పేజీలు రాస్తున్నాను.

కోర్టులు పుట్టకముందు కూడా తగాదాలున్నాయి, ఫైసలాలున్నాయి. పాత ధర్మశాస్త్రాల్లో కులపెద్దలు, ఒకే వృత్తి చేసేవాళ్ల సంఘం, ఊరి జనం, వాళ్ల మీద రాజు నియమించిన అధికారి అని మెట్లు చెప్పారు. యాజ్ఞవల్క్యుడు చెప్పిన ఈ శాస్త్రాన్ని విజ్ఞానేశ్వరుని వ్యాఖ్య ఆధారంగా 13వ శతాబ్దిలోనే కేతన తెలుగు చేశాడు. మన దీన్‌లో కూడా ఈ పద్ధతికి పెద్ద పీట ఉన్నది. దానిని 'తహ్‌కీమ్' అంటారు, తీర్పు చెప్పేవాణ్ణి 'హకమ్' అంటారు. ఆలుమగల మధ్య పొరపొచ్చాలు వస్తే అటువైపు నుంచి ఒక హకమ్, ఇటువైపు నుంచి ఒక హకమ్ కూర్చోవాలని సూరె నిసాలో ఉన్న సంగతి అందరికీ తెలిసిందే. 19వ శతాబ్దిలో తురుష్క ప్రభుత్వం హనఫీ ఫిఖహ్‌ను 'మజల్లా' పేరుతో 1869 నుంచి 1876 వరకు చట్టంగా కూర్చినప్పుడు తహ్‌కీమ్‌కు ఒక భాగం ప్రత్యేకంగా పెట్టింది. అందులో ఒక ముచ్చట గమనించదగ్గది. హకమ్ ఫైసలా చెప్పకముందు ఏ పక్షమైనా అతణ్ణి వద్దనవచ్చు. చెప్పిన తర్వాత మాత్రం వీల్లేదు. నేటి మన చట్టంలో అంత వెసులుబాటు లేదు, ఒకసారి రాసి ఇచ్చి కూర్చుంటే మధ్యలో లేవలేము.

మన చేర్యాలనే చూడండి. నకాషీ పటాలకు దేశమంతా పేరున్న ఊరు. ఆ పటం ముందర కూర్చుని కులపురాణం చెప్పేవాళ్లకు ఫలానా ఊళ్లు ఫలానా ఇంటివాళ్లవని వంశాలుగా వచ్చిన హక్కులున్నాయి. ఒకని ఊళ్లోకి ఇంకొకడు పటం పట్టుకుని పోతే తగాదా. ఆ హక్కుకు పట్టా లేదు, పహాణీ లేదు. ఇలాంటి తగాదాను ఏ మున్సిఫు కోర్టు తేల్చగలదు? తాత ఎవరు, ముత్తాత ఏ ఊళ్లో కథ చెప్పాడు అన్నది ఆ కులపెద్దలకు తప్ప బయటివానికి తెలియదు. పంచాయితీ అనేది ఇలాంటి చోట పనికివచ్చే పద్ధతి. సమానమైనవాళ్ల మధ్య తగాదా, ఇద్దరికీ ఒకే ఆచారం, తీర్పు చెప్పేవాడు కూడా వాళ్లలోనివాడే.

తెల్లవాళ్లు కూడా దీన్ని గమనించారు. రాయలసీమ జిల్లాల్లో కలెక్టరుగా పనిచేసిన థామస్ మన్రో, జనం పంచాయితీని నమ్ముతారు, దాన్నే సర్కారీ పద్ధతిగా చేద్దామని పట్టుబట్టి, 1816లో మద్రాసు ప్రభుత్వం చేత గ్రామ మున్సిఫులకు, గ్రామ పంచాయతీలకు చట్టాలు చేయించాడు. జనం మాత్రం ఆ సర్కారీ పంచాయతీని ఎక్కువగా వాడుకోలేదు. సర్కారు ముద్ర పడితే అది పంచాయితీ కాకుండా చిన్న కోర్టు అయిందని కావచ్చు.

నిజాం రాజ్యంలో పని ఇంకో రకంగా నడిచింది. 1853లో దివానైన మొదటి సాలార్‌జంగ్ 1883లో చనిపోయేదాకా ముప్పై ఏండ్లు అధికారంలో ఉండి, జిలాబందీ చేసి, జిల్లాల్లో కోర్టులు పెట్టి, వాటికి పద్ధతి తెచ్చారు. 1920లో మూసీ ఒడ్డున హైకోర్టు భవనం లేచింది. 1921లో మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఫర్మానాతో న్యాయశాఖను పాలనశాఖ నుంచి వేరు చేశారు. దేశంలో ఇంకా ఎన్నో చోట్ల కలెక్టరే మేజిస్ట్రేటుగా ఉన్న కాలమది. కాగితం మీద చూస్తే మన దగ్గర అదాలతు వ్యవస్థ చాలా ముందున్నట్టే లెక్క.

కాగితం ఊరి పొలిమేర దాకానే వచ్చింది. ఊళ్లో గడీ ఉన్నది.

జనగామ మనకు ఎంత దూరం? జనగామ దాటి సూర్యాపేట రోడ్డు మీద పోతే కామారెడ్డిగూడెం వస్తుంది. ఆ ఊరు విస్నూరు దేశ్‌ముఖ్ రాపాక రామచంద్రారెడ్డి ఇలాకాలోది. ఆయన చేతిలో నలభై వేల ఎకరాల భూమి ఉండేదని పుచ్చలపల్లి సుందరయ్యగారు రాశారు. ఆ ఊళ్లో షేక్ బందగీ అనే పేద ముసల్మాను రైతు ఉండేవాడు. అన్నదమ్ముల మధ్య భూమి పాలు విషయంలో తగాదా వచ్చింది. ఇది ప్రతి ఇంట్లో వచ్చే తగాదానే. పెద్దమనుషులు కూర్చుంటే ఒక పూటలో తెగవలసింది. అయితే ఆ ఇలాకాలో పెద్దమనిషి ఎవరు? దొర. దొర ఒక అన్న పక్షం పట్టాడు. గడీలో కూర్చుని దొర చెప్పిందే ఫైసలా అన్నాడు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలె. బయటి నుంచి చూసేవానికి గడీ ముందర జరిగేది కూడా పంచాయితీ లాగానే కనిపిస్తుంది. ఇద్దరు వస్తారు, ఇద్దరూ చెప్పుకుంటారు, ఒకరు తీర్పు చెబుతారు, ఖర్చు లేదు, వకీలు లేడు, వాయిదాలు లేవు. కోర్టుల ఆలస్యం గురించి బాధపడేవాళ్లు కోరుకునేవన్నీ అక్కడున్నాయి. లేనిది ఒక్కటే, మూడవవాడు. దొర మూడవవాడు కాదు, తగాదాలో పక్షం ఉన్నవాడు. ఇంకొకటి, అక్కడికి బందగీ తనకు తానుగా పోలేదు, పిలిపించారు. ఇష్టపడి ఎంచుకోనిది, మూడవవాడు లేనిది సాలిసీ ఎట్లా అవుతుంది? అది హుకుం. గడీ ముందర జరిగిన వాటికి మన పెద్దలు కూడా అలవాటుగా పంచాయితీ అనే అంటారు గాని, నా లెక్కలో ఆ మాట అక్కడ వాడకూడదు.

బందగీ ఆ హుకుంకు ఒప్పుకోలేదు. కోర్టుకు పోయాడు. ఉర్దూలో 'బందగీ' అంటే దాస్యం, సేవ. ఆ పేరు పెట్టుకున్నవాడు ఆ ఇలాకాలో దొర మాట కాదన్నాడంటే ఎంత గుండె ధైర్యమో ఆలోచించండి. ఏండ్ల తరబడి కోర్టు చుట్టూ తిరిగాడు. పేదవానికి ప్రతి వాయిదా ఒక కూలి దినం, ఒక పూట తిండి. అయినా విడువలేదు. ఎందుకంటే ఆ ఇలాకా మొత్తం మీద దొరకు చుట్టం కానిది, దొరకు భయపడనిది ఆ కోర్టు ఒక్కటే కనిపించింది. ఆ నమ్మకం వమ్ము కాలేదు కూడా. దస్తావేజులు, సాక్ష్యం చూసి కోర్టు బందగీ పక్షాన్నే తీర్పు చెప్పింది. నిజాం రాజ్యంలో ఒక పేద రైతు దేశ్‌ముఖ్ అండ ఉన్నవాని మీద దావా గెలిచాడు. అదాలతు గొప్పతనం ఇక్కడ కనిపిస్తుంది.

దాని కొరత కూడా ఆ వెంటనే కనిపిస్తుంది. 1940లో దారి కాసి బందగీని చంపారు. ఒక్కడు గెలిచాడని తెలిస్తే రేపు పది మంది కోర్టుకెక్కుతారని దొరకు తెలుసు. తీర్పు చెప్పడం కోర్టు చేతిలో ఉన్నది గాని, ఆ తీర్పు పట్టుకుని ఇంటికి చేరే దారి కోర్టు చేతిలో లేదు. తీర్పును అమలు జరిపే బలగం వెనుక లేకపోతే డిక్రీ కాగితమే.

కామారెడ్డిగూడెం దగ్గర రోడ్డు పక్కన బందగీ సమాధి ఉన్నది. హిందువులు, ముసల్మానులు ఇద్దరూ పోతారు. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు కలిసి 1947లో రాసిన 'మా భూమి' నాటకానికి ఈ కథే ప్రేరణ. (1979లో వచ్చిన 'మా భూమి' సినిమా వేరే. దానికి మూలం కిషన్ చందర్ ఉర్దూ నవల 'జబ్ ఖేత్ జాగే'. రెంటినీ ఒకటే అనుకునేవారు చాలామంది ఉన్నారు.) బందగీ పోయిన తర్వాత ఆ చుట్టుపక్కల ఊళ్లలో పంచాయితీ తీరే మారింది. పాలకుర్తి చాకలి ఐలమ్మ కౌలు భూమి పంట మీద అదే దొర కన్ను పడినప్పుడు ఆంధ్రమహాసభ సంఘంవాళ్లు వచ్చి పంట కోసి ఆమె ఇంట్లో పోశారు. ఆ పోరాట చరిత్ర పెద్దది, వేరేవాళ్లు వివరంగా రాశారు. నాకు కావలసింది ఇంతవరకే.

పేదవాని కథ ఇది. ఇప్పుడు పెద్దవాళ్ల కథ చూద్దాం. బలహీనుడు కోర్టుకెందుకు పోతాడో బందగీ చెప్పాడు. ఇద్దరూ బలవంతులే అయితే ఏమవుతుందో హైదరాబాదు దేవిడీలు చెబుతాయి.

పైగా నవాబు ఖుర్షీద్‌జా మత్రూకా ఆస్తి, అంటే చనిపోయినవారు వదిలిపోయిన ఆస్తి, పంచుకోవడానికి వారసుల మధ్య 1955లో సివిల్ కోర్టులో దావా పడింది. 1958లో హైకోర్టుకు మారి సి.ఎస్. 14 నంబరు అయింది. హైదరాబాదులో భూముల వ్యాపారం చేసే ఎవరిని అడిగినా ఈ నంబరు తెలుసు. 1963లో ప్రిలిమినరీ డిక్రీ అయింది. అంటే ఎవరికెంత అన్నది తేలింది. ఇక పంచడమే తరువాయి. ఆ పంచడంలో వారసుల తర్వాత వారసులు, వాళ్ల దగ్గర కొన్నవాళ్లు, వాళ్ల దగ్గర మళ్లీ కొన్నవాళ్లు వచ్చి చేరారు. 2023 జూన్‌లో కూడా సుప్రీంకోర్టు ఆ దావాలోంచి పుట్టిన భూతగాదా మీద తీర్పు చెప్పవలసి వచ్చింది. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల పాళ్ల లెక్క. అరవై ఎనిమిది ఏండ్లు.

దీని పక్కన సాలార్‌జంగ్ కథ పెట్టి చూడండి. మూడవ సాలార్‌జంగ్ నవాబు మీర్ యూసుఫ్ అలీఖాన్ 1949 మార్చిలో పెళ్లిపిల్లలు లేకుండా చనిపోయారు. ఇంట్లో లెక్కలేనన్ని వస్తువులు, పుస్తకాలు, బొమ్మలు, గడియారాలు. వారసులమని చాలామంది వచ్చారు. ఖుర్షీద్‌జా ఆస్తి పోయిన దారినే ఇదీ పోవలసింది. 1951లోనే దివాన్ దేవిడీలో మ్యూజియం తెరిచారు. తర్వాత 1958లో వారసులు, ప్రభుత్వం రాజీకి వచ్చారు. ఆ రాజీని హైకోర్టు ఒప్పుకున్నది. 1961లో పార్లమెంటు చట్టంతో అది జాతీయ సంస్థ అయింది. మన పిల్లలను ప్రతి ఏడూ అక్కడికి తీసుకుపోయి గంటకొట్టే గడియారం చూపిస్తాం గదా. ఆ రాజీ కాగితం లేకపోతే ఆ గడియారం ముక్కలుగా ఎవరెవరి ఇండ్లలో ఉండేదో. అట్లని అది కోర్టుకు బయట అయిన రాజీ కాదు. కోర్టు ఉన్నది కాబట్టి, దాని ముద్ర పడింది కాబట్టి నిలిచింది. ఇది గుర్తు పెట్టుకోవాలె.

నిజాం పైసల కథ ఇంకా వింతది. 1948 సెప్టెంబరులో హైదరాబాదు ప్రభుత్వపు పది లక్షల పౌండ్ల పైచిలుకు సొమ్ము లండన్‌లో పాకిస్తాన్ హైకమిషనర్ పేరున్న ఖాతాలోకి మారింది. తిరిగి ఇమ్మని నిజాం దావా వేశారు. పరాయి సర్కారు మీద ఇక్కడ దావా నడవదని 1957లో అక్కడి పెద్ద కోర్టు, హౌస్ ఆఫ్ లార్డ్స్, ఆపింది. పైసలు బ్యాంకులోనే ఉండిపోయినాయి. 2013లో పాకిస్తానే దావా మొదలుపెట్టేసరికి దారి తెరుచుకున్నది. 2019 అక్టోబరు 2న తీర్పు భారత ప్రభుత్వానికి, నిజాం మనవలకు అనుకూలంగా వచ్చింది. అప్పటికి సొమ్ము మూడున్నర కోట్ల పౌండ్లయింది. డెబ్బై ఒక్క ఏండ్లు! ఇందులో పేపర్లలో ఎక్కువ రాని సంగతి ఒకటున్నది. భారత ప్రభుత్వం, నిజాం మనవలు ఇద్దరూ మొదట ఒకరికొకరు పోటీదార్లే. విచారణకు ముందే ఇద్దరూ తమలో తాము ఒప్పందం చేసుకుని ఒక పక్షంగా నిలబడ్డారు. మూడు ముక్కల తగాదాలో రెండు ముక్కలు రాజీతో తెగితే, మిగిలింది కోర్టు తెంచింది.

ఇక నేటి చట్టం సంగతి క్లుప్తంగా. సాలిసీకి 1940లో ఒక చట్టం ఉండేది. దాని కింద సాలిస్ ఫైసలా చెప్పినా దాన్ని మళ్లీ కోర్టులో పెట్టి డిక్రీ చేయించుకోవలసి వచ్చేది, అంటే రెండు చాకిరీలు. ఇప్పుడు నడుస్తున్నది 1996 చట్టం. దీని ప్రకారం సాలిసీకి పోతామన్న ఒప్పందం రాతలో ఉండాలె. సాలిస్‌ల సంఖ్య సరిసంఖ్య కాకూడదు. పత్రాలు దాఖలు చేసుడు అయిన తర్వాత పన్నెండు నెలల్లో ఫైసలా చెప్పాలె, ఇద్దరూ ఒప్పుకుంటే ఇంకో ఆరు నెలలు. ఫైసలా వచ్చిన తర్వాత దాన్ని కొట్టివేయించుకోవాలంటే మూడు నెలల్లో కోర్టుకు పోవాలె. కోర్టు గడువు పెంచినా ముప్పై రోజులకు మించదు. అక్కడ కూడా కోర్టు తగాదాను మొదటి నుంచి విచారించదు. మోసం జరిగిందా, ఒక పక్షానికి చెప్పుకునే అవకాశం ఇవ్వలేదా, ఇలాంటివే చూస్తుంది. ఆ గడువు దాటితే సాలిస్ ఫైసలా కోర్టు డిక్రీ లాగానే అమలవుతుంది.

2015లో ఈ చట్టానికి చేసిన సవరణలో ఎవరు సాలిస్‌గా కూర్చోకూడదో ఒక పట్టిక రాశారు. పక్షానికి దగ్గరి చుట్టం, జీతగాడు, వాని వకీలు, తగాదాలో లాభం ఉన్నవాడు కూర్చోవద్దు. 2019లో సుప్రీంకోర్టు ఇంకొంచెం ముందుకు పోయి, తగాదా ఫలితంలో లాభం ఉన్నవాడు తాను కూర్చోవద్దు సరే, ఒంటరి సాలిస్‌గా ఇంకొకణ్ణి కూర్చోబెట్టే హక్కు కూడా వానికి లేదని చెప్పింది. చదివినప్పుడు నాకు కామారెడ్డిగూడెమే గుర్తుకొచ్చింది.

క్రిమినల్ కేసులు, తలాఖ్ చెల్లిందా లేదా, పిల్లల సంరక్షణ, దివాలా, ఇవి సాలిస్ దగ్గర తెగేవి కావు. 2011లోనే సుప్రీంకోర్టు దీనిని వివరించింది. మజల్లాలో కూడా తహ్‌కీమ్‌ను మనుషుల సొంత హక్కులకు, ఆస్తి తగాదాలకే పరిమితం చేశారు. దారుల్‌ఖజాల గురించి కూడా అడుగుతుంటారు. 2014 జూలైలో సుప్రీంకోర్టు చెప్పింది ఇదీ: అవి నేరం కాదు, ఇష్టమైనవారు పోయి సలహా అడగవచ్చు, చెప్పింది పాటించవచ్చు, కాని ఎవరి మీదా బలవంతంగా రుద్దడానికి లేదు, దానికి చట్టం బలం లేదు.

లోక్ అదాలత్ మూడో పద్ధతి. మొదటిది 1982లో గుజరాత్‌లోని ఊనాలో జరిగింది. 1987 చట్టం 1995 నవంబరు నుంచి అమలులోకి వచ్చింది. అక్కడ కూర్చున్నవాళ్లు తీర్పు చెప్పరు, కలుపుతారు. ఇద్దరూ ఒప్పుకుని సంతకం చేస్తే అదే కోర్టు డిక్రీ, మళ్లీ అప్పీలు లేదు, కట్టిన కోర్టు ఫీజు కూడా వాపసు వస్తుంది. ఒప్పుకోకపోతే కేసు మళ్లీ కోర్టుకే పోతుంది, నష్టమేమీ లేదు. మన బీదసాదలకు ఇది అన్నిటికన్నా దగ్గరి దారి. 2021 డిసెంబరులో హైదరాబాదులో అంతర్జాతీయ ఆర్బిట్రేషన్ కేంద్రం కూడా ప్రారంభమైంది గాని, అది కోట్ల వ్యాపారాలు చేసే కంపెనీలకు. చేర్యాల బజారులో వడ్డీ లేని చేబదులు తగాదాకు అంత దూరం పోయే పని లేదు.

ఇప్పుడు మన ఇండ్ల సంగతి. మనం 2016 అక్టోబరులో వరంగల్ జిల్లా నుంచి సిద్దిపేట జిల్లాలో కలిసిన నాటికి, ఇప్పటికి భూమి ధర ఎట్లా ఉన్నదో అందరికీ తెలుసు. పదేండ్ల కింద ఎవరూ అడగని రాళ్ల చెలక మీద ఇప్పుడు అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేశారు. ఇట్లాంటివి సొసైటీ పెద్దల దగ్గరికి వస్తూనే ఉంటాయి. అన్నదమ్ములిద్దరూ ఇంచుమించు ఒక స్థితిలో ఉంటే, కిరాణా దుకాణంలో ఇద్దరు భాగస్వాములు లెక్క దగ్గర తేడా పడితే, నేను ముందు సాలిస్‌నే చెబుతాను. కోర్టుకు పోతే అల్లా దయవల్ల దావా గెలిచినా దుకాణం మిగలదు.

అదే మాట ఆడబిడ్డల విషయంలో చెప్పలేను. శరియత్ ప్రకారం కొడుకు పాలులో సగం కూతురిది, ఇందులో దాపరికం లేదు. అయినా పెద్దమనుషులు కూర్చున్నప్పుడు ఏమవుతుంది? కూర్చున్నవాళ్లందరూ అన్నల స్నేహితులు, అన్నల చుట్టాలు. చెల్లె పర్దా వెనుక ఉంటుంది, లేకపోతే రానే రాదు. 'పెళ్లికి పెట్టినం గదా, పండుగకు చీర పెడుతున్నం గదా, పుట్టింటి తలుపు మూసుకోకు బిడ్డా' అని వదులుకున్నట్టు వేలిముద్ర వేయిస్తారు. దీనికి రాజీ అని పేరు. గడీ ముందర బందగీ ఎట్లా నిలబడ్డాడో ఆ చెల్లె ఈ నలుగురి ముందర అట్లాగే ఉన్నది. కొట్టేవాడు లేడు, అంతే తేడా. అటువంటి చెల్లె కోర్టుకు పోతే ఇంటి పరువు తీసిందని అనవద్దు. ఆమెకు అక్కడ మాత్రమే మూడవవాడు దొరికాడని తెలుసుకోవాలె. అట్లా కాకూడదంటే ఆమె తరఫున ఆమె ఎంచుకున్నవాడు ఒకడు ఫైసలాలో కూర్చోవాలె, ఆమె మాట ఆమె నోటితోనే వినాలె. ఆమె ఎంచుకున్నది మరో స్త్రీ అయినా చట్టం అడ్డు చెప్పదు.

పెద్దమనుషుల దగ్గర తిరిగేవాళ్లకు ఒక హెచ్చరిక కూడా అవసరం. ఇచ్చిన అప్పుకు దావా గడువు మూడేండ్లు, భూమి స్వాధీనానికి పన్నెండేండ్లు. పెద్దమనుషులు 'చూద్దాం, పండుగ పోనీ, కోతలు కానీ' అంటూ వాయిదా వేస్తుంటే ఈ గడువు ఆగదు. మంచితనానికి పోయి నోటు కాలం చెల్లిపోయినవాళ్లు మన మధ్యనే ఉన్నారు. సాలిసీకి పోదామని రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి, అది ఎదుటివానికి చేరితే అప్పుడు లెక్కలోకి వస్తుంది, నోటి మాట రాదు.

కాబట్టి కూర్చునేముందు కాగితం కావాలె. తగాదా ఏది, ఎంతవరకు తేల్చాలె, సాలిస్ ఎవరు, ఎన్నాళ్లలో చెప్పాలె అన్న నాలుగు ముక్కలు రాసి ఇద్దరూ సంతకం చేస్తే చాలు. ఇల్లు, భూమి గురించి హక్కు ఇచ్చే ఫైసలా అయితే స్టాంపు, రిజిస్ట్రేషన్ తప్పదు. ఇంట్లోవాళ్లు ముందే పంచుకున్నదాన్ని జ్ఞాపకానికి రాసుకుంటే మాత్రం రిజిస్ట్రేషన్ అక్కర లేదని సుప్రీంకోర్టు 1976లోనే చెప్పింది. ఈ రెండింటి మధ్య గీత సన్నది, కనుక ఒకసారి వకీలుకు చూపించుకోవడం మేలు. వకీలుకు చూపించినంత మాత్రాన కోర్టుకెక్కినట్టు కాదు. ఏ భాషలో నడపాలన్నది కూడా ఇద్దరి ఇష్టానికే చట్టం వదిలింది. ఉర్దూలో రాసుకున్నా చెల్లుతుంది, పక్కన ఒక తెలుగు నకలు పెట్టుకుంటే ఆఫీసుల్లో తిరిగేటప్పుడు ఇబ్బంది ఉండదు.